రెండొందల పదిహేడో రేణువు

గడ్డివాము తగలబెట్టి సూది వెతకడం మా పని.
హబ్సిగూడలో మెట్రో పోయినప్పుడల్లా బల్ల వణుకుతుంది,
కొలత చెడుతుంది,
అందుకే ఆఖరి రైలు వెళ్ళాకే మిషను ముందు కూర్చుంటాను.

ఉల్క ముక్క, చిటికెడు.
ఒక ఆమ్లంలో రాయి పోతుంది.
ఇంకోదాంట్లో లోహం పోతుంది.
మూడోది మసిని తినేస్తుంది.
పోయేవన్నీ పోగా గిన్నె అడుగున
దేనికీ లొంగని మొండి ధూళి,
సూర్యుడికంటే పెద్దది, వయసులో.
కంటికి ఆనదు. తుమ్మితే ఎగిరిపోతుంది
ఒక నక్షత్రం వదిలిన ఆస్తి మొత్తం.

దాన్ని బంగారు రేకు మీద అద్ది చూడాలి.
రేకు అయిపోయింది. ఆర్డరు పెడితే నెల్లాళ్ళు.
రేకు కొట్టే మనిషిని వెతుక్కుంటూ చార్‌కమాన్ చేరాను
నిద్రలేని కళ్ళతో, మరీ పొద్దున్నే.
షట్టర్లన్నీ దించి ఉన్నాయి.
గుల్జార్ హౌజ్ చుట్టూ పావురాలు, ఒక చీపురు చప్పుడు.

చీపురు బిస్మిల్లా బీది.
బంగారం దుకాణాల మెట్లు ఊడ్చి
ఆ దుమ్ము సంచికెత్తుకుంటుంది.
ఇంట్లో కడుగుతుంది, వడకడుతుంది,
తేజాబ్‌లో ఉడకబెడుతుంది.
"నెలంతా ఊడిస్తే గురిగింజెత్తు" అంది.
అరచేతిలో పిసరు పోసి చూపించింది:
"ఎర్రగ కొడితే రాగి ఎక్కువ కలిపే సేఠ్‌ది,
గా మూల దుకాణం.
తెల్లగుంటే వెండి. లక్క వాసనొస్తే గాజులోళ్ళది.
మట్టి అబద్ధం చెప్పదు సాబ్, సేఠ్ చెప్తడు."

ఇరవై ఏళ్ళుగా నేను రాసిన పేపర్లలో
ఇంత సూటి వాక్యం ఒక్కటి లేదు.

నా మట్టి సంగతి చెప్పాను.
"అయితే ఏ దుకాణందో దొరికిందా?"
"దుకాణం తీరు తెలుస్తుంది. దుకాణం లేదు.
షట్టరు దించి నాలుగొందల అరవై కోట్ల ఏళ్ళు దాటింది."
ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.
"మా మామ ఊడ్చిన దుకాణాలు గూడ ఇప్పుడు లేవు.
వాటి మట్టి మోరీల ఇంకా వస్తది."
సంచి భుజానికెత్తుకుని, నాలుగడుగులేసి, తిరిగి చూసింది:
"మీ గది ఊడ్చిన దుమ్ము ఎవరికిస్తరు?"

కొత్త రేకు మీద రెండొందల పదహారు రేణువులు
ఒకే మాట చెప్పాయి:
ముసలితనంలో ఉబ్బి, ఎర్రబడి,
దగ్గి దగ్గి మసి కక్కిన నక్షత్రాలు.
రెండొందల పదిహేడోది వేరే.
సిలికాన్ ఇరవై ఎనిమిది, ఉండాల్సినదానికంటే ఎక్కువ.
కాల్షియం నలభై నాలుగు, ఉండకూడనంత.
ఆ కాల్షియం పుట్టుకతో కాల్షియం కాదు.
టైటానియంగా వచ్చింది. అరవై ఏళ్ళకి సగం,
మరో అరవైకి సగంలో సగం,
గింజ లోపలే, ఎవరూ చూడకుండా మారిపోయింది.
అంటే నక్షత్రం పేలిన సెగ చల్లారీ చల్లారకముందే
ఈ గింజ గట్టిపడి తలుపేసుకుంది.
అరవై ఏళ్ళు. బిస్మిల్లా బీ వయసు అంతే ఉంటుంది.
ఈ లెక్క మొత్తంలో మనిషికి అందే అంకె అదొక్కటే.

గుళ్ళో పూజారి అడిగినట్టు అడిగితే
దీని గోత్రం చెప్పగలను, పేలిపోయినవాళ్ళది.
నక్షత్రం ఏదంటే మాత్రం నోరు పెగలదు.

ఇంకోటి దాచకుండా చెప్పాలి.
కొలవడమంటే అయాన్లతో గీకడమే.
తెల్లారేసరికి గింజ అరిగిపోయింది.
నా దగ్గర నాలుగు అంకెలు,
రేకు మీద ఒక గుంట.

ఏడింటికి బాలమణి చీపురుతో వచ్చింది.
కాళ్ళు పైకెత్తి కూర్చున్నాను,
చేట అంచున చేరుతున్న దుమ్ము వంకే చూస్తూ.
"పారెయ్యాల్నా సార్?" అంది.
రోజూ అడగదు.